నిరోధం లేని పాదరసం: హైకే కామర్లింగ్ ఓనెస్ జీవితం

విద్యుత్తును గురించి చదువుకొన్న ప్రతి విద్యార్థికీ నిరోధమన్న మాట సుపరిచితమే. ఎంత మేలైన రాగితీగ అయినా తనలో ప్రవహించే విద్యుత్తుకు కొంత ఆటంకం కలిగిస్తుంది. ఆ మేరకు తాను వేడెక్కుతుంది. ఇది ప్రకృతి విధించిన సుంకం వంటిది. 1911వ సంవత్సరం ఏప్రిల్ 8వ తేదీ సాయంకాలం నాలుగు గంటలకు, హాలండు దేశంలోని లైడెన్ నగరంలో, సన్నని గాజుగొట్టంలో గడ్డకట్టి ఉన్న కొద్దిపాటి పాదరసం ఆ సుంకం చెల్లించటం మానివేసింది. ఈనాడు ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడును వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతు పలుచదనంతో పొరగా పరచి, దానిని చల్లబరుస్తూ నిరోధాన్ని కొలిచే ప్రతి పరిశోధకుడూ ఆ సాయంకాలపు కొలతనే మరల చేస్తున్నాడు. ఆ కొలతకు దాదాపు ముప్పై సంవత్సరాలపాటు రంగం సిద్ధం చేసిన హైకే కామర్లింగ్ ఓనెస్ జీవితాన్ని మా పాఠకుల ముందు ఉంచదలచాము. ఆయన కీర్తిని చెప్పటంతోపాటు, ఆ కీర్తిలో పాలు ఉండి కూడా పేరు దక్కని వారిని స్మరించటం మా ఉద్దేశం.

ఓనెస్ 1853 సెప్టెంబరు 21న హాలండు ఉత్తర భాగాన ఉన్న గ్రోనింగెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి హార్మ్ ఇటుకలు, పెంకులు కాల్చే కర్మాగారానికి యజమాని. తల్లి అన్నా ఒక వాస్తుశిల్పి కుమార్తె. తమ్ముడు మెన్సో చిత్రకారుడుగా పేరు పొందాడు. హైకేకు మాత్రం కొలిచి, లెక్క వేసి తేల్చే విద్యలపైనే మక్కువ. 1870లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, మరుసటి సంవత్సరమే ఆవిరుల సాంద్రతను గురించి వ్రాసిన వ్యాసానికి యూట్రెక్ట్ విశ్వవిద్యాలయపు బంగారు పతకాన్ని గెలుచుకొన్నారు. అటుపిమ్మట జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్లి బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు మహోపాధ్యాయుల వద్ద సుమారు ఏడాదిన్నర శిక్షణ పొందారు. భూమి తన ఇరుసు చుట్టూ తిరుగుతున్నదని ఫూకో లోలకం చూపిన సత్యాన్ని నూతన ప్రయోగాలతో నిరూపించి 1879లో డాక్టరేటు పట్టం అందుకొన్నారు. అప్పటికే డెల్ఫ్ట్ పాలిటెక్నిక్‌లో బోషా అనే ఆచార్యుని సహాయకుడుగా కుదురుకొన్నారు. శరీరం బలహీనమైనది, ఊపిరితిత్తుల బాధ జీవితాంతం వదలలేదు. కాని ఆయన చేసిన పనిని చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

ఆ రోజులలో వాన్ డెర్ వాల్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు వాయువులను గురించి ఒక గొప్ప సిద్ధాంతాన్ని ప్రతిపాదించి ఉన్నాడు. ఏ వాయువైనా తగినంత చల్లబరిచి, తగినంత ఒత్తిడికి లోను చేస్తే ద్రవంగా మారక తప్పదనీ, అన్ని వాయువులూ తమ తమ కొలమానంలో ఒకే తీరుగా ప్రవర్తిస్తాయనీ దాని సారాంశం. సిద్ధాంతం అందంగానే ఉన్నది. దానిని పరీక్షించటానికి అతి తక్కువ ఉష్ణోగ్రతల వద్ద నమ్మదగిన కొలతలు కావాలి. ఓనెస్ చలివైపు మళ్లింది ఇందుకోసమే కాని, రికార్డుల కోసం కాదు.

1882లో, ఇరవైతొమ్మిదేళ్ల వయస్సులో, ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక భౌతికశాస్త్ర ఆచార్యపదవిని స్వీకరించారు. ఆ సంవత్సరం నవంబరు 11న చేసిన ప్రారంభోపన్యాసంలో తన మార్గమేమిటో స్పష్టం చేశారు. కొలత ద్వారానే జ్ఞానం లభిస్తుందన్న భావాన్ని ప్రతి ప్రయోగశాల ద్వారం మీదా వ్రాసి పెట్టవలెనని ఆయన అభిమతం. వినటానికి ఇది కొంత శుష్కంగా తోచవచ్చు. కవితావేశం కల విద్యార్థులకు రుచించకపోవచ్చు కూడా. కాని ఆ మాటను ఆయన నలభై ఏళ్లపాటు ఎలా ఆచరించారో చూచినవారు దానిని శుష్కమనలేరు.

ముందుగా ఆయన చేసినది ప్రయోగం కాదు, నిర్మాణం. ఒక వాయువును ద్రవంగా మార్చి, ఆ ద్రవపు చలితో దానికంటె మొండిదైన మరొక వాయువును లొంగదీసే సోపాన పద్ధతిని అవలంబించారు. మిథైల్ క్లోరైడు మొదటి మెట్టు, ఇథిలీను రెండవది, ఆమ్లజని మూడవది. పంపులు, కవాటాలు, గొట్టాలు, కొలత పరికరాలు ఒక్కొక్కటే సమకూర్చుకొంటూ 1894 నాటికి ద్రవ ఆమ్లజనిని, ద్రవ వాయువును ధారాళంగా తయారుచేయగల కేంద్రాన్ని నెలకొల్పారు. పదవి స్వీకరించిన తరువాత పన్నెండేళ్లకు! ఈ కాలంలో ఆయన స్వయంగా ప్రకటించిన గొప్ప ఫలితమంటూ ఏదీ లేదు. నేటి కాలంలో ఏ కమిటీ అయినా ఇంతకాలం ఓపిక పట్టేదా అని మేము అనుకొంటూ ఉంటాము.

అంతలో ఒక విఘ్నం వచ్చిపడింది. 1807 జనవరి 12న లైడెన్ నగరం మధ్య కాలువలో నిలిచి ఉన్న తుపాకిమందు ఓడ ఒకటి పేలి, చుట్టుపట్ల వందలాది ఇళ్లు కూలి, సుమారు నూట ఏభై మంది మరణించారు. ఓనెస్ ప్రయోగశాల ఉన్నది సరిగా ఆ శిథిల ప్రదేశంలోనే. గొప్ప ఒత్తిడితో వాయువులను బిగించి ఉంచుతున్నారని తెలియగానే పట్టణ ప్రజలకు ఆ పాత పీడకల గుర్తుకువచ్చింది. 1895లో ఆ పని ఆపవలసిందని పురపాలకులు పట్టుబట్టారు. విషయం ప్రభుత్వందాకా వెళ్లింది. విచారణకు నియమించిన సంఘంలో వాన్ డెర్ వాల్స్ ఉన్నాడు. లండను నుండి జేమ్స్ డ్యూవర్ ఓనెస్‌కు అనుకూలంగా ఉత్తరం వ్రాశాడు. అయినా అనుమతి రావటానికి మూడేళ్లు పట్టింది. ప్రజల భయం అకారణమని మేము అనలేము. బూడిద మీద కాపురమున్న వారికి నిప్పంటే భయం సహజం. కాని ఆ మూడేళ్లలోనే, 1898 మే 10న, అదే డ్యూవర్ ఉదజనిని ద్రవీకరించి ఆ పందెంలో ముందుకు దూసుకుపోయాడు. లైడెన్‌లో ఉదజని ద్రవీకరణ యంత్రం సరిగా పనిచేసింది 1906లో.

ఇక్కడ ఇద్దరి స్వభావాలను పోల్చి చూడటం ఉచితం. డ్యూవర్ మహా ప్రతిభావంతుడు, చేతినేర్పరి, కాని ఒంటరివాడు. తన పద్ధతులను ఇతరులకు తెలియనిచ్చేవాడు కాదు, సహచరులతో తరచు కలహించేవాడు. ఓనెస్ తన ప్రయోగశాల ఫలితాలను 1885 నుండి ఆంగ్లంలో వరుస సంచికలుగా ప్రకటించి, యంత్రాల వివరాలతో సహా లోకానికి పంచిపెట్టారు. 1901లో పరికర నిర్మాతల కోసం ఒక పాఠశాలను ప్రారంభించారు. నీలి అంగీలు తొడిగే ఆ పాఠశాల కుర్రవాళ్లే ప్రయోగశాలకు కాళ్లూ చేతులూ అయినారు. కెసెల్‌రింగ్ అనే గాజు పనివాని ఊపిరి, గెరిట్ ఫ్లిమ్ అనే పరికర నిపుణుని వ్రేళ్లు లేకపోతే ఓనెస్ ఆలోచనలు కాగితం మీదే మిగిలేవి. ఇంటి పెద్దవలె ఆజ్ఞాపించటం ఆయనకు అలవాటు; పనివారి కుటుంబాల యోగక్షేమాలు విచారించటం కూడా అలవాటే.

ఇక మిగిలినది హీలియం ఒక్కటే. ఈ వాయువు చరిత్రకు మన తెలుగునాటితో సంబంధమున్నదని మా విద్యార్థులలో చాలామందికి తెలియకపోవచ్చు. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించటానికి ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం చేశాడు. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు అమర్చుకొన్నాడు. ఆ గ్రహణవేళ సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటంలో ఒక ప్రకాశవంతమైన పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత కాదనీ, భూమిపై ఎరుగని మూలకానిదనీ అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ గ్రహించాడు. సూర్యుని పేరిట దానికి హీలియమని పేరు వచ్చింది. భూమిపై అది దొరికినది 1895లో, విలియం రామ్సే చేతులలో, ఒక యురేనియం ఖనిజం నుండి. ఓనెస్‌కు కావలసినది బుడగలు కాదు, వందల లీటర్లు. అమస్టర్‌డామ్‌లో వాణిజ్య సమాచార కార్యాలయాన్ని నిర్వహిస్తున్న సోదరుడు ఓనో అమెరికాలోని ఉత్తర కరోలినా నుండి మోనజైటు ఇసుకను తెప్పించి పెట్టాడు. మన కేరళ, ఆంధ్ర సముద్రతీరాలలో దొరికే ఇసుక వంటిదే అది. దానిని కాల్చి, వెలువడిన వాయువును పదే పదే శుద్ధిచేసి, 360 లీటర్ల హీలియం కూడబెట్టారు.

1908 జూలై 10వ తేదీ కథ విన్నవారు మరువలేరు. ముందురోజే 75 లీటర్ల ద్రవ వాయువు సిద్ధమైనది. ఆనాడు ఉదయం 5 గంటల 45 నిమిషాలకు ఉదజని ద్రవీకరణ ఆరంభమైనది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు 20 లీటర్ల ద్రవ ఉదజని చేతికి వచ్చింది. సాయంకాలం 4 గంటల 20 నిమిషాలకు హీలియాన్ని యంత్రంలోకి వదిలారు. ఓనెస్ యంత్రాన్ని విడిచి కదలలేకపోగా, భార్య వచ్చి రొట్టె ముక్కలు ఆయన నోటికి అందించిందని చెబుతారు. ఉష్ణమాపకం కొంతవరకు దిగి, ఒకచోట నిలిచిపోయింది. ఇంక కదలదు. ద్రవ ఉదజని నిల్వ అడుగంటుతున్నది. అందరూ నిరాశచెందుతున్న ఆ సమయంలో చూడవచ్చిన ష్రైనెమాకర్స్ అనే ఆచార్యుడు, ఉష్ణమాపకం ద్రవంలో మునిగి ఉన్నందువల్లనే కదలటం లేదేమోనని, పాత్రను క్రింది నుండి వెలిగించి చూడమని సూచించాడు. దీపం పెట్టి చూడగా పాత్ర దాదాపు నిండి ఉన్నది! కత్తి అంచువలె ద్రవపు ఉపరితలం స్పష్టంగా కనిపించింది. అప్పటికి రాత్రి ఏడున్నర. 60 ఘనసెంటీమీటర్ల ద్రవ హీలియం. ఉష్ణోగ్రత పరమ శూన్యానికి 4 డిగ్రీల పైచిలుకు, అనగా మన సెంటిగ్రేడు మానంలో సున్నకు క్రింద 269 డిగ్రీలు. 1923లో కెనడాలోని టొరంటోలో సాధించేవరకు లోకంలో ద్రవ హీలియం దొరికే చోటు లైడెన్ ఒక్కటే.

ఇంతటి చలి చేతికి వచ్చిన తరువాత దానితో ఏమి కొలవాలి? లోహాల నిరోధాన్ని గురించి అప్పటికి మూడు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. చల్లబడినకొద్దీ నిరోధం క్రమంగా తగ్గి పరమ శూన్యం వద్ద అంతరిస్తుందని కొందరు, ఒక స్థాయివద్ద నిలిచిపోతుందని కొందరు అనగా, ఎలక్ట్రానులు సైతం గడ్డకట్టి నిరోధం అనంతంగా పెరుగుతుందని లార్డు కెల్విన్ ఊహించాడు. ప్లాటినం, బంగారం తీగలతో చేసిన ప్రయోగాలలో నిరోధం తగ్గుతూ వచ్చి, ఒక మట్టంవద్ద ఆగిపోయింది. లోహం ఎంత శుద్ధంగా ఉంటే ఆ మట్టం అంత క్రిందికి దిగింది. అంటే మిగిలినది మాలిన్యపు నిరోధమే కావాలి. అయితే అన్నిటికంటె శుద్ధంగా లభించే లోహమేది? మరల మరల బట్టీపట్టి శుభ్రపరచగలది పాదరసమే. మా ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని సీమాబ్ అంటారు; నిలకడలేని హృదయానికి వారి కవులు తెచ్చే ఉపమానం కూడా ఇదే. ఆ చంచల ద్రవ్యం సన్నని గాజుగొట్టాలలో గడ్డకట్టి, లోకంలోకెల్ల ప్రశాంతమైన విద్యుత్ప్రవాహానికి దారి ఇవ్వబోతున్నదని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

1911 ఏప్రిల్ 8న ఉదయం ఏడు గంటలకే పని మొదలైనది. హీలియం యంత్రం వద్ద ఓనెస్, ఫ్లిమ్ నిలిచారు. ఉష్ణోగ్రతల లెక్క డోర్స్‌మన్ చూచుకొన్నాడు. నిరోధపు కొలత గిలెస్ హోల్స్ట్ అనే యువకునిది. 4.3 డిగ్రీల వద్ద పాదరసానికి, బంగారానికి నిరోధం కొలిచారు, రెంటికీ నిరోధమున్నది. తరువాత పంపుతో హీలియం ఆవిరిని లాగివేసి ఉష్ణోగ్రతను సుమారు 3 డిగ్రీలకు దించారు. సరిగా నాలుగు గంటలకు మరల కొలిచారు. పాదరసపు నిరోధం ఇంచుమించు సున్న అని ఓనెస్ తన పుస్తకంలో పెన్సిలుతో వ్రాసుకొన్నారు. బంగారంతో కొలత మరల చేశారు. అదేరోజు మరికొంత చల్లబరచినప్పుడు, కుతకుతలాడుతున్న ద్రవ హీలియం హఠాత్తుగా నిశ్చలమైనదని కూడా పుస్తకంలో ఉన్నది. అది అతిప్రవాహకత్వమనే మరొక అద్భుతపు జాడ అని అప్పుడు ఎవరూ గుర్తించలేదు. దాని అసలు స్వరూపం 1938లో గాని బయటపడలేదు. ఒకే పాత్రలో ఒకే దినాన రెండు అద్భుతాలు తలుపు తట్టగా, ఒక్కదానికే తలుపు తెరిచారన్నమాట.

ఈ ఆవిష్కరణను గురించి ఒక ముచ్చట వ్యాప్తిలో ఉన్నది. సున్నను చూచి తీగలు ఒకదానికొకటి తగిలాయని అనుమానించారనీ, నీలి అంగీ కుర్రవాడొకడు కునికిపాట్లు పడగా ఉష్ణోగ్రత పెరిగి అసలు రహస్యం తెలిసిందనీ ఆ కథ. వినసొంపుగా ఉన్నది గాని, ప్రయోగశాల పుస్తకాలలో దానికి ఆధారం కనిపించదు. మే 23న వారు బుద్ధిపూర్వకంగానే క్రిందినుండి పైకి, స్వల్ప స్వల్పంగా ఉష్ణోగ్రతను పెంచుతూ కొలిచారు. 4 డిగ్రీల వద్ద ఏమీ లేదు. మరి కొంచెం పెంచినా లేదు. ఆపైన నిరోధం తల ఎత్తింది. అక్టోబరులో గీచిన పటంలో 4.2 డిగ్రీల వద్ద నిరోధం ఓములో పదవవంతు నుండి లక్షవవంతుకు నిట్టనిలువుగా పడిపోవటం కనిపిస్తుంది. క్రమంగా తగ్గుదల కాదు, పాతాళానికి దూకటం. ఆనాటి మూడు అభిప్రాయాలలో ఏ ఒక్కటీ దీనిని ఊహించి ఉండలేదు. ఇదే అతివాహకత్వం.

ఈ ఫలితాలను ప్రకటించిన వ్యాసాలపై ఓనెస్ పేరు ఒక్కటే ఉన్నది. సహాయకుల కృషిని లోపల ప్రశంసించటం, శీర్షికక్రింద తన పేరు మాత్రమే వేయటం ఆ ప్రయోగశాల సంప్రదాయం. ఆ కాలపు ఆచారాన్ని మన కాలపు త్రాసులో తూచటం న్యాయం కాదనేవారున్నారు. కావచ్చు. కాని గాల్వనామీటరు ముందు కూర్చుని ఆ సున్నను మొదట చూచిన కన్ను హోల్స్ట్‌దని చెప్పటం కూడా న్యాయమే. హోల్స్ట్ 1914లో ఐంధోవెన్‌లోని ఫిలిప్స్ సంస్థకు వెళ్లి, అక్కడి భౌతిక పరిశోధనాలయాన్ని తీర్చిదిద్దాడు. అక్కడ అతడు తన క్రిందివారికి విరివిగా స్వేచ్ఛనిచ్చాడు.

1913లో ఓనెస్‌కు నోబెల్ బహుమానం లభించింది. తక్కువ ఉష్ణోగ్రతల వద్ద పదార్థ ధర్మాల పరిశోధనకు, ద్రవ హీలియం సాధించినందుకు ఇచ్చారే కాని అతివాహకత్వానికని విడిగా ఇవ్వలేదు. అప్పటికి తగరం, సీసం కూడా ఈ కోవలో చేరాయి. నిరోధం లేని తీగ చుట్టలతో ఏ మాత్రం వేడి పుట్టకుండా లక్ష గౌసుల అయస్కాంత క్షేత్రాన్ని సృష్టించవచ్చునని ఆయన కలగన్నారు. కల త్వరలోనే చెదిరింది. ప్రవాహం ఒక హద్దు మీరగానే తీగ తన మామూలు నిరోధాన్ని తిరిగి పొందింది. 1914లో మరొక హద్దు తెలిసింది: సీసంపై సుమారు 600 గౌసుల క్షేత్రం ప్రయోగించగానే అతివాహకత్వం నశించింది. తాను సృష్టించే క్షేత్రమే తనను చంపితే ఆ తీగతో అయస్కాంతం చుట్టేదెలా? ఈ వైఫల్యాన్ని ఆయన దాచలేదు. ఆ హద్దులనే శ్రద్ధగా కొలిచి ప్రకటించారు. ఉష్ణోగ్రత, ప్రవాహం, క్షేత్రం అనే మూడు హద్దులను అతివాహకాన్ని పరీక్షించే ప్రతివారూ నేటికీ మొదట కొలుస్తారు.

అదే సంవత్సరం చేసిన మరొక ప్రయోగం ఆయన మిత్రులను నిశ్చేష్టులను చేసింది. సీసపు తీగచుట్టను రెండు కొనలూ కలిపి, అయస్కాంత ధ్రువాల మధ్య హీలియంలో చల్లబరచి, అయస్కాంతాన్ని తొలగించారు. చుట్టలో పుట్టిన ప్రవాహం ఏ ఘటమూ లేకుండా గంటల తరబడి తిరుగుతూనే ఉన్నది. ప్రక్కన ఉంచిన దిక్సూచి ముల్లు దానికి సాక్ష్యమిచ్చింది. ఎహ్రెన్‌ఫెస్ట్ దానిని కళ్లారా చూచి, ఆ విస్మయాన్ని లోరెంట్జ్‌కు ఉత్తరంలో వర్ణించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో హీలియం సరఫరా లేక పని మందగించింది. 1922లో ఓనెస్ పరమ శూన్యానికి 0.83 డిగ్రీల దూరం వరకు చేరారు. హీలియాన్ని ఘనీభవింపజేయాలన్న కోరిక మాత్రం తీరలేదు. 1926 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశారు. ఆ వేసవిలోనే ఆయన శిష్యుడు కీసోమ్ ఆ పని పూర్తిచేశాడు. శవయాత్రను గురించి లైడెన్‌లో ఒక ముచ్చట చెప్పుకొంటారు. నల్లని దుస్తులు, పొడుగు టోపీలతో ప్రయోగశాల పనివారు శకటం వెంట నడుస్తున్నారట. ఆలస్యమైనదని బండి వేగం పెంచగా వారందరూ పరుగెత్తవలసివచ్చింది. పోయిన తరువాత కూడా దొరగారు మనను పరుగెత్తిస్తూనే ఉన్నారని ఒకరితో ఒకరు అనుకొన్నారట.

ఆయన తదనంతరం ఈ శాస్త్రం నడచిన త్రోవను ఇక్కడ విపులంగా చెప్పలేము. 1933లో మైస్నర్, ఓషెన్‌ఫెల్డులు అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని తననుండి వెలివేస్తుందని కనుగొన్నారు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్‌లు ఎలక్ట్రానుల జంటలతో సిద్ధాంతం చెప్పారు. 1961 ప్రాంతాన నియోబియం, తగరం కలిసిన పదార్థం బలమైన క్షేత్రాలను తట్టుకొన్నది. అయితే అన్నిటికీ ద్రవ హీలియపు స్నానమే కావాలి.

1986లో స్విట్జర్లాండులోని జూరిక్ సమీపాన బెడ్నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు ఎవరూ వెదకని చోట వెదికారు. ఆక్సైడులంటే సాధారణంగా పింగాణి జాతివి, విద్యుత్తుకు శత్రువులు. లాంథనం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడులో 35 డిగ్రీల చేరువలోనే నిరోధం పడిపోవటం వారు గమనించారు. మరుసటి ఏడు అమెరికాలో చూ, వూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడులో 93 డిగ్రీల వద్ద అతివాహకత్వాన్ని చూపారు. ద్రవ నత్రజని 77 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక ఇక అరుదైన హీలియం లేకుండానే పని జరుగుతుంది. పత్రికలు పండుగ చేసుకొన్నాయి. కాని ఓనెస్‌ను ఓడించిన ప్రవాహపు హద్దు ఇక్కడ మరల ఎదురైనది. పొడిని కాల్చి చేసిన బిళ్లలలో చిన్నచిన్న స్ఫటిక రేణువులు తలొక దిక్కుకు తిరిగి ఉంటాయి. రేణువుకు, రేణువుకు మధ్య సరిహద్దు దాటలేక ప్రవాహం తెగిపోతుంది.

దీనికి విరుగుడు పలుచని పొర. స్ట్రాన్షియం టైటనేటు వంటి మరొక ఆక్సైడు స్ఫటికాన్ని సుమారు 700, 800 సెంటిగ్రేడు డిగ్రీలకు వేడిచేసి, లేజరు కిరణంతో మూలపదార్థాన్ని ఆవిరిచేసి దానిపై పరుస్తారు. క్రింది స్ఫటికపు అల్లికను అనుసరించి పై పొర పేరుకొంటుంది. ఆమ్లజని వాతావరణంలో మెల్లగా చల్లార్చాలి; ఆమ్లజని పాలు తగ్గితే అదే పదార్థం అతివాహకం కాకపోగా నిరోధకంగా మారిపోతుంది. 1987లోనే న్యూయార్కు రాష్ట్రంలోని ఐ.బి.ఎం. పరిశోధకులు ఇటువంటి పొరలో 77 డిగ్రీల వద్ద చదరపు సెంటీమీటరుకు లక్ష ఆంపియర్లకు మించిన ప్రవాహాన్ని నడిపారు. మరుసటి సంవత్సరం అక్కడివారే రెండు స్ఫటికాలను కావాలని కోణం తిప్పి అతికించి చూడగా, కోణం పది డిగ్రీల దరిదాపులకు చేరేసరికే ప్రవాహశక్తి విపరీతంగా క్షీణించింది. బిళ్లల వైఫల్యానికి కారణం దొరికింది.

ఈ పొరను కొలిచే తీరు మా బి.ఎస్సి. విద్యార్థులకు కొత్తది కాదు. పొరపై నాలుగు తీగలు అతికిస్తారు. బయటి రెండింటి ద్వారా ప్రవాహం, లోపలి రెండింటి మధ్య పొటెన్షియల్ భేదం. అందువల్ల అతుకుల నిరోధం, తీగల నిరోధం లెక్కలోకి రావు. ఓనెస్ పాదరసపు గొట్టాలకు కూడా ప్రవాహానికి వేరుగా, కొలతకు వేరుగా కాళ్లు ఉండేవి. పొరను కొద్ది మైక్రోమీటర్ల వెడల్పుగల వంతెనగా చెక్కి, ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. సెంటీమీటరుకు ఒక మైక్రోవోల్టు కనిపించిన చోటు హద్దు అని గుర్తుపెట్టుకొంటారు. చిత్రమేమంటే ఈ ఆక్సైడులు అతివాహకాలు కాకముందు, మామూలు స్థితిలోనే వింతగా ప్రవర్తిస్తాయి. ఉష్ణోగ్రతతోపాటు వాటి నిరోధం గీచినట్లు సరళరేఖలో తగ్గుతుంది. ఎందువల్లనో సర్వసమ్మతమైన సమాధానం నేటికీ లేదు.

లోహపు పట్టీలపై ఇదే జాతి ఆక్సైడును పొరగా పరచి, ఆ పట్టీలను చుట్టి చేసిన ఒక పెద్ద అయస్కాంతం 2021 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 20 టెస్లాల క్షేత్రాన్ని చేరుకొన్నది. అనగా రెండు లక్షల గౌసులు. ఓనెస్ కలగన్న దానికి రెట్టింపు.

లైడెన్‌లోని ఆయన ప్రయోగశాలకు 1932లో ఆయన పేరే పెట్టారు. 2004 నుండి ఆ భవనంలో న్యాయశాస్త్రం బోధిస్తున్నారు. హీలియం ద్రవీకరించిన యంత్రం, పెన్సిలు వ్రాతల పుస్తకాలు అదే నగరంలోని బోర్‌హావ్ ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఏప్రిల్ 8 నాటి పుటలున్న పుస్తకపు అట్టమీద 1909–1910 అని ఉన్నందువల్లా, ఆచార్యుని దస్తూరి ఎవరికీ అంతుపట్టనందువల్లా, ఆవిష్కరణ జరిగిన సరైన దినమేదో చాలాకాలం తేలలేదు. ఆ పుటలను ఓపికగా చదివి, నాలుగు గంటల కొలతను, అక్కడ పనిచేసిన నలుగురి వివరాలను 2010లో ప్రకటించారు.